ఇంటి షెడ్డులో ఎమ్‌జీబీ: సాకడమా, కొత్తగా చేయడమా?

ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తయారీ 1980 అక్టోబరులో ఆగిపోయింది. అయినా ఇవాళ డబ్బు కట్టి దానికి సరికొత్త బాడీ తెప్పించుకోవచ్చు. అదీ అప్పటి కార్ఖానాలో వాడిన అసలు అచ్చుల మీద నొక్కిన రేకులతో తయారైనది. ఇంజన్ పిస్టన్ల నుంచి తలుపు పిడిలోని స్ప్రింగు దాకా దాదాపు ప్రతి ముక్కా కొత్తగా దొరుకుతుంది. చాలా తక్కువ పాత కార్లకు పట్టిన అదృష్టం ఇది. అన్నీ దొరుకుతున్నప్పుడు యజమాని ఎక్కడ ఆగాలి అన్న చిక్కు కూడా దీనితోపాటే వచ్చింది. ఇంటి షెడ్డులో ఈ కారును పెట్టుకున్నవాళ్లు ఆరు దశాబ్దాలుగా చేస్తున్న పని మొత్తాన్ని ఒకచోట పెట్టి చూస్తే, విప్పి కొత్తగా చేయడానికి పడే శ్రమలో సగమైనా సాకడానికి పెట్టి ఉంటే చాలా కార్లకు ఆ విప్పుడు అవసరమే ఉండేది కాదని నాకనిపిస్తుంది.

ముందు కారు సంగతి. ఆక్స్‌ఫర్డ్ పక్కన ఉన్న ఆబింగ్డన్ ఊళ్లోని ఎమ్‌జీ కార్ఖానాలో సిడ్నీ ఎనెవర్ నాయకత్వంలో రూపుదిద్దుకుని 1962లో బజారులోకి వచ్చింది. తెరుచుకునే గుడ్డ టాపుతో రెండు సీట్ల రోడ్‌స్టర్ మొదటిది. 1965లో గట్టి పైకప్పుతో జీటీ చేరింది. పద్దెనిమిదేళ్లలో రెండూ కలిపి అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో అధిక భాగం అమెరికాకు పోయాయి. 1798 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, వేగం గంటకు నూరు మైళ్లు దాటుతుంది. గొప్ప వేగమేమీ కాదు, ధరా గొప్పది కాదు. మామూలు ఉద్యోగస్థుడు కొనుక్కోగలిగిన స్పోర్ట్స్ కారు కాబట్టే మామూలు మనిషి బాగుచేసుకోగలిగేలా ఉంది. అప్పటి రివాజుకు భిన్నంగా దీనికి విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. ఈ ఒక్క సంగతి తర్వాతి కథనంతా నడిపించింది.

దాని ఇంజన్ మనకు పరాయిది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తయారుచేసిన బీ సిరీస్ ఇంజన్ల కుటుంబం అది. అదే కుటుంబంలోని 1489 సీసీ ఇంజన్‌ను హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌లో పెట్టింది. వెనక కమాన్ పట్టీలు, దొడ్డు ఇనుప హెడ్డు, పుష్‌రాడ్ల మీద నడిచే వాల్వులు అన్నీ చుట్టరికం చెప్పేవే. విజయవాడలోనో వరంగల్‌లోనో అంబాసిడర్ ట్యాక్సీలకు ట్యాపెట్లు సెట్ చేసి చెయ్యి తిరిగిన మేస్త్రీ ఎమ్‌జీబీ బానెట్ ఎత్తితే కొత్తచోటికి వచ్చాననుకోడు. ఇంజన్‌కు రెండు పక్కలా చెయ్యి పట్టేంత జాగా ఉంటుంది, పై నుంచి చూస్తే కింద నేల కనిపిస్తుంది.

ఇంట్లో చేసుకోవచ్చన్న ధైర్యం జనానికి ఇచ్చినవాటిలో ఒక పుస్తకాల వరసను తలుచుకోవాలి. జాన్ హేన్స్ బ్రిటిష్ వైమానిక దళంలో ఉంటూ 1965లో ఏడెన్‌లో పనిచేస్తున్నాడు. తోటి అధికారి ఒకరు ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు కొని, బాగుచేయడానికి సాయం అడిగారు. కంపెనీ ఇచ్చే పుస్తకం మామూలు యజమానికి కొరుకుడుపడేది కాదు. హేన్స్ ఒక్కొక్క ముక్కా విప్పుతూ ఫొటోలు తీసుకున్నాడు. 1966లో అదే మొదటి హేన్స్ మాన్యువల్‌గా వచ్చింది. అచ్చువేసిన 3,000 ప్రతులు మూడు నెలల్లోపే అమ్ముడుపోయాయి. ఆ స్ప్రైట్ కూడా ఆబింగ్డన్‌లో పుట్టినదే కావడం ఈ కథలో నాకు నచ్చిన విషయం. కారును నిజంగా విప్పి, నిజంగా బిగించి, ఆ చేతులనే ఫొటోల్లో చూపించడం వల్ల ఇంటి మనిషికి నమ్మకం కుదిరింది. 1973లో మొదలైన ఎమ్‌జీ ఓనర్స్ క్లబ్, అంతకుముందు 1930 నుంచీ ఉన్న ఎమ్‌జీ కార్ క్లబ్ ఆ నమ్మకానికి తోడుగా నిలబడ్డాయి. ఫలానా ఏడాది బండికి ఫలానా బోల్టు ఎంత పొడవు అన్న ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి క్లబ్బులో ఎవరో ఒకరు ఉంటారు.

సాకే పని చిన్నది, కాని ఆగకూడనిది. ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్‌లకు ఒక్కో పక్క మూడేసి గ్రీజు నిపుల్స్ ఉంటాయి. కొన్ని వేల మైళ్లకోసారి గ్రీజు గన్ పట్టి కొట్టాలి. బండి బరువును చక్రాల మీద నుంచి తీసేసి, జాకీ మీద ఎత్తి కొడితేనే గ్రీజు చేరాల్సిన చోటికి చేరుతుంది. ఇది పావుగంట పని. దీన్ని వదిలేస్తే కింగ్‌పిన్ అరిగి, స్టీరింగ్ బిగుసుకుని, చివరికి ముందు సస్పెన్షన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. చేతికర్రలా ఊగే పాతకాలపు లివర్ రకం షాకబ్జర్లలో నూనె తగ్గిందేమో చూడాలి. ట్యాపెట్ల సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 15 ఉండాలని తొలి మాన్యువల్స్ చెబుతాయి. ఫీలర్ గేజి దూర్చినప్పుడు వేళ్లకు తెలిసే ఆ చిన్న పట్టును మాటల్లో చెప్పడం కష్టం, చేస్తూ పోతే రెండోసారికో మూడోసారికో తెలిసిపోతుంది.

ఎస్‌యూ కార్బురేటర్లు రెండు. వాటిని సరిచేయడం ఈ కారు యజమానులకు ఇష్టమైన విద్య. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మొదటి కార్బురేటర్ నోటి దగ్గరా తర్వాత రెండోదాని దగ్గరా పెడతారు. గాలి పీల్చే బుస రెండింటిలోనూ ఒకే మోతాదులో వినిపించాలి. తర్వాత కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను అడుగునున్న చిన్న పిన్నుతో పిసరంత ఎత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పోతోందని, ఇంజన్ ఆగిపోబోతే తక్కువ పోతోందని, కాస్త పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉందని గుర్తు. కంప్యూటర్ తగిలించి కోడ్ చదివే కాలంలో, చెవితోనూ వేలితోనూ ఇంజన్‌ను అర్థం చేసుకోగలగడం మామూలు సంతోషం కాదు. ఈ కార్లు బతికి ఉండటానికి ఈ సంతోషం కూడా ఒక కారణమని గట్టిగా నమ్ముతాను.

కరెంటు సామాను విషయంలో లూకాస్ కంపెనీకి చెడ్డపేరు స్థిరపడిపోయింది. చాలావరకు అది అన్యాయం. దశాబ్దాల తేమకు తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లు, మధ్యలో ఎవరో అడ్డంగా కోసి టేపు చుట్టిన తీగలే ఎక్కువ రోగాలకు మూలం. ఎర్త్ బోల్టులన్నీ విప్పి, మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే దీపాలు వెలుగుతాయి, సెల్ఫ్ మోటారు గట్టిగా తిరుగుతుంది. 1967లో వచ్చిన మార్పుకు ముందు కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండేదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఇప్పటి రేడియో తెచ్చి ఇప్పటి అలవాటుతో తగిలిస్తే అది కాలిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవి పానాల పనులు. ఎమ్‌జీబీ బతుకూ చావూ తేల్చేది మాత్రం తుప్పు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా నడిచే పెట్టెలాంటి భాగాన్ని సిల్ అంటారు. బయట కనిపించేది ఒక్క రేకే. దాని వెనక మరో నిలువు రేకు, దాని లోపల ఇంకొకటి, అడుగున వాటిని కలిపే ముక్క. విడి ఛాసిస్ లేని కారులో, పైగా కప్పు లేని రోడ్‌స్టర్‌లో, బండి నడుము వంగకుండా పట్టి ఉంచేది ఈ పెట్టే. ముందు చక్రం ఎగజిమ్మిన బురద మడ్‌గార్డు వెనక సందులో, సరిగ్గా సిల్ కొస మీద పేరుకుంటుంది. అక్కడ ఉండే రబ్బరు పట్టీ చీకిపోతే తడి లోపలికి దిగుతుంది. చలికాలంలో మంచు కరగడానికి బ్రిటన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు మూడు రేకుల మధ్య చేరి నెలల తరబడి ఆరదు. పెంకుటింటి వాసం పుచ్చిందో లేదో వీధిలో నిలబడి పెంకులు చూస్తే తెలియనట్టే, బయటి రేకు నిగనిగలాడుతుంటే లోపల ఏం మిగిలిందో తెలియదు.

పాపం ఎక్కడ జరిగిందంటే, 1970లు, 80లలో చాలా షెడ్లలో తుప్పు పట్టిన సిల్ మీదే కొత్త రేకు కప్పి వెల్డింగ్ చేసి, లప్పం పెట్టి, రంగు కొట్టి అమ్మేశారు. లోపలి రేకులు అలాగే తినుకుపోయాయి. ఇలాంటి బండిని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రోడ్‌స్టర్‌ను తలుపు వెనక భాగంలో జాకీ మీద ఎత్తి తలుపు సందు చూడాలి. సందు మూసుకుపోతున్నా, తలుపు తెరవడానికి మొరాయించినా నడుములో బలం లేదన్నమాట.

సరిగ్గా చేయాలంటే ముందు మడ్‌గార్డు విప్పాలి. అది బోల్టులతో ఉంటుంది కాబట్టి ఊడి వస్తుంది. తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేసి, బాడీని సమంగా నిలబెట్టి, అప్పుడే సిల్ కోయాలి. ఒక్కసారి ఒక్క పక్కే. కొత్త రేకులను తాత్కాలికంగా బిగించి, తలుపు తగిలించి, సందు పైనుంచి కిందకు ఒకేలా ఉందని చూసుకుని, ఆ తర్వాత చివరి వెల్డింగ్. ఆదరాబాదరా చేసి కడ్డీ తీసేసరికి నడుము జారిన రోడ్‌స్టర్లు బ్రిటన్‌లో ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని తిరిగి నిలబెట్టడం కంటే బాడీ మార్చడమే నయం.

అలా మార్చే బాడీ ఎక్కడి నుంచి వచ్చింది? బ్రిటిష్ లేలాండ్ కింద 1975లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఏర్పడింది. పాత మోడళ్ల అచ్చులు దేశంలో ఎక్కడెక్కడో మూలపడి ఉంటే వెతికి తెచ్చారు. తుక్కు కింద పోవాల్సిన ఆ ఇనుమును పోగుచేయడమే అసలు సాహసం. 1988లో ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ బాడీ మళ్లీ తయారవడం మొదలైంది. 1993 నుంచి 95 వరకు రోవర్ కంపెనీ ఆర్‌వీ8 పేరుతో సుమారు 2,000 కార్లు చేసి ఎక్కువ భాగం జపాన్‌కు పంపినప్పుడు వాటి బాడీలూ ఈ సంస్థవే. విట్నీ ఊళ్లో ఆ పని ఇప్పటికీ జరుగుతోంది. మంచి ఉపకారం ఇది, కాదనలేం. కాని దీనివల్ల వచ్చిన ఒక అలవాటు నాకు నచ్చదు. కాస్త శ్రమపడితే నిలబడే బాడీని కూడా పక్కన పడేసి కొత్తది ఎక్కించేస్తున్నారు. అసలు బాడీతోపాటు ఆ కారు ఎలా బతికిందన్న సాక్ష్యం మొత్తం పోతుంది.

కొత్త విడిభాగాలన్నీ ఒకే నాణ్యతలో ఉండవు. డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్, కండెన్సర్, సస్పెన్షన్ రబ్బర్లు కొన్ని నెలలకే పాడవుతున్నాయని యజమానుల పాత ఫిర్యాదు. బాగా నడుస్తున్న పాత ముక్కను పాతదన్న ఒక్క కారణంతో తీసి పారేయకూడదన్న నియమం ఈ అనుభవం లోంచి పుట్టింది.

ఇంట్లో చేయకూడని పనులూ ఉన్నాయి. రెండు రసాయనాలు కలిపి పిచికారీ చేసే టూ ప్యాక్ రంగులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒకసారి ఆస్తమా పట్టిస్తే అది జీవితాంతం వదలదు. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా దాని జోలికి పోకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ము తీసి దుమ్మును నోటితోనో కంప్రెసర్‌తోనో ఊదడం ప్రాణానికి ముప్పు. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఆవిరి అందులోనే ఉంటుంది, దానికి ఇంట్లో వెల్డింగ్ పెట్టకూడదు. జాకీని నమ్మి కారు కింద దూరకూడదు, గట్టి స్టాండ్లు ఉండాలి. ఇంజన్ బోరుకొస్తే బ్లాకును మెషిన్ షాపుకు పంపాలి. తీయడం, బిగించడం ఇంట్లో, కోత మాత్రం అక్కడ. ఈ పంపకాన్ని ఒప్పుకున్న యజమానే పని పూర్తిచేస్తాడు.

పూర్తికాని పనుల సంఖ్య తక్కువేం కాదు. మొదటి వేసవిలో ఉత్సాహంగా విప్పేస్తారు, ముక్కలన్నీ డబ్బాల్లోకి పోతాయి, ఏది ఎక్కడిదో చీటీ ఉండదు. ఇంట్లో పిల్లలో, ఉద్యోగం మార్పో వస్తుంది. చివరికి డబ్బాలతో సహా అమ్ముతారు. ఇక డబ్బు లెక్క చూస్తే, వృత్తినిపుణుల చేత మొత్తం బండి చేయిస్తే అయ్యే ఖర్చు సాధారణంగా పూర్తయిన ఎమ్‌జీబీ ధరను దాటిపోతుంది. కాబట్టి లాభం కోసం ఈ పని చేయకూడదు. కొనేవాళ్లకు అనుభవజ్ఞులిచ్చే సలహా, దొరికినంతలో తుప్పు లేని బాడీ ఉన్న బండిని ఎక్కువ ధర పెట్టయినా కొనమని. ఇంజన్ పాడైతే రెండు వారాంతాల్లో దించవచ్చు, బాడీ పాడైతే ఏళ్లు పడుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల ఎండలో బతికిన కార్లను చాలామంది తిరిగి బ్రిటన్‌కు తెచ్చుకోవడం అందుకే. వాటి రబ్బరు, సీట్లు పగిలిపోయి ఉంటాయి గాని ఇనుము గట్టిగా ఉంటుంది.

అసలుదనం గురించిన వాదం ఇక్కడ మొదలవుతుంది. ఎంత మార్చినా అదే కారు అనిపించుకుంటుందా? బ్రిటిష్ రవాణా శాఖ చాలాకాలం దీనికి పాయింట్ల లెక్క పెట్టింది. బాడీ లేదా ఛాసిస్‌కు 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్‌బాక్సు, స్టీరింగ్‌లకు రెండేసి, ఇంజన్‌కు ఒకటి. బాగా మార్చిన బండి పాత నంబరు నిలబెట్టుకోవాలంటే 8 పాయింట్లు రావాల్సి ఉండేది. ఇంజన్‌కు ఒక్కటే పాయింటు ఇవ్వడం సబబే అనిపిస్తుంది, కారు ఉనికి బాడీలోనే ఉంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా 2010ల మొదట్లో ట్యూరిన్ ఛార్టర్ తెచ్చింది. కట్టడాల కోసం 1964లో వచ్చిన వెనిస్ ఛార్టర్ దారిలో నడిచిన పత్రం అది. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికి పెద్దపీట, కొత్తగా చేయడం తప్పనిసరైతేనే. ఐదు లక్షలు తయారైన కారుకు ఇంత పట్టింపా అని కొందరంటారు. అన్ని తయారైనా మొదటి రంగుతో, మొదటి సీటు తోలుతో మిగిలినవి ఇప్పుడు అరుదు. అలాంటి బండి చేతికొస్తే దాని గీతలు అలాగే ఉంచి నడపాలని నా పక్షం. వాడి వాడి ఇప్పటికే నాలుగుసార్లు రంగు మారిన బండిని మాత్రం యజమాని ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చు.

2018 మే నుంచి బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని వాహనాలకు ఏటా జరిగే ఎమ్‌ఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. దీన్ని సౌకర్యంగా తీసుకుని బండిని ఎవరికీ చూపించకపోవడం మంచిది కాదు. సొంతంగా బ్రేకులు బిగించిన మనిషి కంటికి తన పనిలో లోపం కనబడదు, మరో జత కళ్లు కావాలి. స్వచ్ఛందంగా తనిఖీకి తీసుకెళ్లే యజమానులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లే మేలు.

పెట్రోలు మార్పులు రెండు వచ్చాయి. సీసం కలిపిన పెట్రోలు సాధారణ అమ్మకం బ్రిటన్‌లో 2000 జనవరి 1తో పోయింది. ఇనుప హెడ్డులో వాల్వు కూర్చునే గాడులు అరగకుండా ఆ సీసం కాపాడేది. హెడ్డు విప్పినప్పుడు గట్టి ఉక్కు ఉంగరాలు వేయిస్తే ఆ బాధ తీరుతుంది. రెండోది ఇథనాల్. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. వేడి ఇంజన్ మీద కారే పెట్రోలు నిప్పే కదా. గొట్టాలు కొత్త రకానివి వేసుకోవాలి, 5 శాతం ఉండే ఖరీదైన పెట్రోలు వాడుకోవాలి, నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకూడదు. మన దేశంలో 20 శాతం మిశ్రమం వచ్చింది కాబట్టి హైదరాబాద్‌లో పాత ఫియెట్ ఉన్నా, రాజమండ్రిలో పాత అంబాసిడర్ ఉన్నా గొట్టాల సంగతి మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

ఇంజన్ తీసేసి మోటారు, బ్యాటరీలు ఎక్కించడం ఈ మధ్య పెరిగింది. బాడీని కోయకుండా, రేపు మళ్లీ ఇంజన్ పెట్టుకునే వీలు ఉంచి చేస్తే నాకు అభ్యంతరం లేదు. ఇంజన్ శబ్దం పోయాక గొట్టం చెవిలో పెట్టుకుని వినడానికి ఏమీ మిగలదన్న బాధ ఉంది గాని, బండి తుక్కులోకి పోవడం కంటే అది మంచిదే. ఈ విద్య తెలిసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారన్నది దీనికంటే పెద్ద దిగులు. బ్రిటన్‌లో బైస్టర్ ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో కుర్రవాళ్లకు అప్రెంటిస్‌షిప్ కింద కార్బురేటర్లు, రేకు పని నేర్పుతున్నారు. క్లబ్బులు చేయగలిగిన వాటిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

మన అంబాసిడర్‌కు బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ లాంటి ఏర్పాటు లేదు. ఉత్తరపారాలో తయారీ 2014లో ఆగిపోయింది. ఆ పేరు 2017లో 80 కోట్ల రూపాయలకు పెజో కంపెనీ చేతికి పోయింది. పేరు అమ్ముడుపోయినా యజమానికి కావలసింది తలుపు కింది రేకు, డిక్కీ అంచు రేకు నొక్కే అచ్చులు. మన రవాణా శాఖ 2021లో 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే నియమాలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు, రోజువారీ తిరుగుడుకు అనుమతి లేదు. కాగితం దారి తెరిచింది గాని రేకు దారి లేదు. కాబట్టి ఇక్కడ బండి ఉన్నవాళ్లకు బ్రిటన్ యజమానుల అనుభవంలో పనికొచ్చేది వాళ్ల పునర్నిర్మాణం కాదు, వాళ్లు ఆలస్యంగా నేర్చుకున్న సాకుడే. వానలు మొదలయ్యేలోగా కింద నీళ్లు పోయే కంతలన్నీ పుల్లతో పొడిచి చూసుకోవడం, మడ్‌గార్డుల వెనక మట్టి కడిగి ఆరబెట్టడం, డొల్ల భాగాల్లోకి పలచటి మైనం పట్టించడం. కోస్తాలో, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల ఇది ఏడాదికోసారి కాదు, రెండుసార్లు చేయాలి.